సీఎస్ఆర్ డబ్బుతో ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు: ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు?

ఒంగోలు_అకౌంట్స్

అందరికీ నమస్కారమండి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్, సొంత క్వారీ లీజు ఉన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి అకౌంట్స్ చూస్తున్నాను. నికర లాభం 2021-22లో 4 కోట్లు, 2022-23లో 4.6 కోట్లు, 2023-24లో 12.4 కోట్లు. 5 కోట్లు దాటడం ఇదే మొదటిసారి కాబట్టి 2024-25 నుంచి కంపెనీల చట్టం సెక్షన్ 135, అంటే లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న సీఎస్ఆర్ నియమం, వర్తిస్తుందని ఆడిటర్ చెప్పారు. మూడేళ్ల సగటు 7 కోట్లు, అందులో 2 శాతం అంటే 14 లక్షలు.

మా డైరెక్టర్లు అనుకున్నది ఇది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఉన్న ఒక ఊళ్లో గంటకు 1,000 లీటర్ల ఆర్‌ఓ ప్లాంటు, 9 లక్షలు. సెప్టెంబరులో విజయవాడ వరదలప్పుడు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన 3 లక్షలు. ఫ్యాక్టరీ చుట్టూ మొక్కలకు 1 లక్ష. మా కార్మికులకు కంటి, ఊపిరితిత్తుల వైద్య శిబిరానికి 1 లక్ష. మొత్తం సరిగ్గా 14.

ఇప్పుడు 2025 జనవరి. ప్లాంటు మార్చి 31లోపు ప్రారంభించాలంటున్నారు. ఒక ట్రస్టు వాళ్లు వచ్చి, డబ్బు మాకిస్తే మూడు రోజుల్లో వినియోగ పత్రం (డబ్బు పనికి ఖర్చయిందన్న ధ్రువీకరణ) ఇచ్చేస్తామన్నారు. మా కంపెనీకి ఇది మొదటి ఏడాది. ఎక్కడ తప్పు జరగొచ్చో తెలిసినవాళ్లు చెప్పగలరు.

సెక్రటేరియల్_డెస్క్

14 లక్షల లెక్కతోనే మొదలుపెడదాం. ఆడిటర్ గారు చూపిన లాభం లాభనష్టాల ఖాతాలోదా, అదే చట్టం సెక్షన్ 198 ప్రకారం కట్టిందా అడగండి. సీఎస్ఆర్‌కి కావాల్సింది రెండోది. అందులో ఆదాయపు పన్ను తీసివేయరు. స్థలమో భవనమో అమ్మితే వచ్చిన మూలధన లాభాన్ని కలపరు. 12.4 కోట్లు పన్ను పోగా మిగిలిన అంకె అయితే మీ బాధ్యత 14 లక్షల కంటే ఎక్కువే ఉంటుంది. చట్టం వర్తించని రెండేళ్ల లాభం కూడా సగటులోకి వస్తుంది కాబట్టి ఆ భాగం మీరు సరిగానే వేశారు.

మీ బాధ్యత 50 లక్షలు దాటలేదు గనుక, ఖర్చు కాని సీఎస్ఆర్ డబ్బు ‘అన్‌స్పెంట్’ ఖాతాలో లేనంతవరకు సీఎస్ఆర్ కమిటీ అక్కర్లేదు, బోర్డే ఆ పని చేస్తుంది. అయినా సీఎస్ఆర్ పాలసీ, ఆ ఏడాది కార్యాచరణ ప్రణాళిక బోర్డు తీర్మానంతో ఉండాలి. వార్షిక లెక్కల ఫారం ఏఓసీ-4తో పాటు, సీఎస్ఆర్ వివరాలు చెప్పే సీఎస్ఆర్-2 ఫారం వేయాలి.

ఇక మీ నాలుగు పద్దులు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చింది సీఎస్ఆర్ కాదు. సీఎస్ఆర్ కిందికి వచ్చే పనుల, నిధుల జాబితా అయిన ఏడో షెడ్యూలులో ఆ నిధి లేదు; 2020 ఏప్రిల్‌లో కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణలో ఈ మాట సూటిగా ఉంది. అదే డబ్బు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇచ్చి ఉంటే లెక్కలోకి వచ్చేది. మీ 3 లక్షలు మంచి పనికే వెళ్లాయి, దాన్ని మామూలు విరాళంగా చూపండి. దాని మీద 80జీ (విరాళాలకు ఆదాయపు పన్ను) మినహాయింపు కావాలంటే మీ కంపెనీ 115బీఏఏ కింద తక్కువ పన్ను రేటు ఎంచుకుందేమో ముందు చూసుకోండి. ఎంచుకుంటే 80జీ రాదు.

ఫ్యాక్టరీ చుట్టూ మొక్కలు: గ్రీన్ బెల్ట్ మీ పర్యావరణ అనుమతిలోనో, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్‌లోనో షరతుగా ఉండే ఉంటుంది. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సినదాన్ని సీఎస్ఆర్ అనకూడదు. కార్మికుల వైద్య శిబిరం ఉద్యోగుల మేలు కోసమే పెట్టేది కాబట్టి అదీ రాదు. జిల్లా ఖనిజ నిధికి కట్టేదాన్ని కూడా ఇందులో కలుపుతారేమో, కలపకండి. అది లీజుకు సంబంధించిన చెల్లింపు.

కాబట్టి నిలిచేది ప్లాంటు 9 లక్షలే. మిగతా 5 లక్షలకు ఇంకో పని చూడాలి.

ఆ ట్రస్టు సంగతి. సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలకిచ్చే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ గుర్తింపులు ఉన్నాయా, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉందా చూడాలి. ఇవన్నీ ఉన్నా సరే, సంస్థ చేతికి డబ్బు ఇచ్చినంత మాత్రాన ఖర్చయినట్టు కాదు. ఆ సంస్థ పని మీద పెట్టాకే ఖర్చు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టు 25 నాటి 14/2021 సర్క్యులర్‌లో ఇది రాసి ఉంది. డబ్బు అనుకున్న పనికే వెళ్లిందని మీ సీఎఫ్ఓ, ఆ పదవి లేకపోతే ఆర్థిక వ్యవహారాలు చూసే బాధ్యుడు సంతకం పెట్టాలి. మూడు రోజుల్లో ఆర్‌ఓ ప్లాంటు లేవదు. మూడు రోజుల్లో వినియోగ పత్రం ఇస్తామన్నవాళ్లు ఉత్త కాగితం అమ్ముతున్నారు. దాని మీద సంతకం పెట్టేవారి మెడకే అది చుట్టుకుంటుంది. దయచేసి ఆ దారి వద్దు.

అసలు మీకు ట్రస్టు ఎందుకు? 9 లక్షల పని కంపెనీయే నేరుగా చేయవచ్చు. బిల్లులు మీ పేరు మీదే వస్తాయి. ఆ బిల్లుల మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం తీసుకోకండి, 2023 అక్టోబరు 1 నుంచి సీఎస్ఆర్ కొనుగోళ్లకు అది లేదు. ఈ ఖర్చును ఆదాయపు పన్నులో వ్యాపార ఖర్చుగా చూపడానికీ వీల్లేదు.

నీటిపని

కొటేషన్ పక్కన పెట్టి, ముందు ఆ ఊరి నీటి సంగతి చూడండి. ఏ ఊరైనా సరే, మొదట మండల గ్రామీణ నీటి సరఫరా ఏఈని కలవండి. ఆ ఊరికి కుళాయి పథకం ఏ నీటితో నడుస్తోంది, నది నీరా, బోరు నీరా? నది నీరు రోజూ వస్తుంటే ఆ ఊరికి ఆర్‌ఓ అవసరం లేదు. ట్యాంకు శుభ్రం చేయడం, క్లోరిన్ వేయడం, పగిలిన పైపులు మార్చడం మీద మీ డబ్బు పెడితే అంతకంటే ఎక్కువ మేలు.

బోరు నీరే దిక్కయితే శాంపిల్ తీయండి. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసా వాడాలి, గాజు సీసా వద్దు. బోరు పది నిమిషాలు నడిపాక ఒక లీటరు పట్టండి. సూక్ష్మజీవుల పరీక్షకు ల్యాబ్ వాళ్లిచ్చే స్టెరైల్ సీసా వేరేగా తీసుకుని, ఐసు పెట్టెలో 24 గంటల్లోపు అందించాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండొచ్చు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. కరిగిన లవణాలు 500 వరకు. వేరే దారి లేకపోతే 2,000 వరకు. కాఠిన్యం కూడా చూపించండి, మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పేది అదే.

తర్వాత బోరు దిగుబడి. ఊళ్లో 300 ఇళ్లు, ఇంటికి 20 లీటర్లు అనుకుందాం: రోజుకు 6,000 లీటర్లు, మీ ప్లాంటు 6 గంటలు నడవాలి. ఈ సైజు ప్లాంటులో లోపలికి వెళ్లిన నీటిలో సగమే మంచినీరుగా వస్తుంది, సగం రిజెక్ట్, అంటే లవణాలతో బయటికి వదిలేసే నీరు. అంటే రోజుకు 12,000 లీటర్లు కావాలి. జనవరిలో బోరు బాగానే పోస్తుంది. అదే బోరు మే నెలలో ఎంత పోస్తుందో ఊళ్లోవాళ్లను అడగండి. ఎండాకాలంలో గంటకు 2,500 లీటర్లు ఇవ్వని బోరు మీద ఈ ప్లాంటు పెట్టకండి.

నెల ఖర్చు ఉజ్జాయింపుగా ఇలా పడుతుంది (రేట్లు మీ దగ్గర సరిచూసుకోండి). ఆపరేటర్ జీతం 9,000. బోరు మోటారుతో కలిపి కరెంటు రోజుకు 25 యూనిట్లు, యూనిట్ 7 రూపాయల చొప్పున 5,250. యాంటీ స్కేలెంట్ (మెంబ్రేన్ మీద లవణాలు పేరుకోకుండా కలిపే మందు) కిలోన్నర, 450. 5 మైక్రాన్ కాట్రిడ్జ్‌లు 600. మెంబ్రేన్ల కోసం పక్కన పెట్టాల్సింది 1,600, ఎందుకంటే 4040 సైజువి నాలుగు కలిపి 48,000 అనుకుంటే రెండున్నరేళ్లలో మార్చాలి. చిన్న రిపేర్లు 1,000, నీటి పరీక్షలు 500. మొత్తం 18,400. 20 లీటర్ల క్యాను 5 రూపాయలకు ఇస్తే రోజుకు 123 క్యాన్లు అమ్మితేనే ప్లాంటు తన కాళ్ల మీద తను నిలబడుతుంది. 300 ఇళ్లలో 123 ఇళ్లు రోజూ కొంటాయా? కొనవనిపిస్తే ఆ లోటు ఎవరు భరిస్తారో ఇప్పుడే రాసుకోవాలి. ఉచితంగా ఇస్తామని ప్రారంభోత్సవంలో ప్రకటించిన ప్లాంటు మొదటి మెంబ్రేన్ మార్పు దగ్గరే ఆగిపోతుంది.

ప్లాంట్లు చెడిపోయే తీరు చాలావరకు ఒకటే. యాంటీ స్కేలెంట్ డబ్బా ఖాళీ అవుతుంది, లేదా డోసింగ్ పంపులో గాలి పడుతుంది. కాల్షియం మెంబ్రేన్ మీద పేరుకుంటుంది. మంచినీరు గంటకు 1,000 నుంచి 800కి పడిపోతుంది. బయట జనం క్యాన్లతో నిలబడి ఉంటారు కాబట్టి ఆపరేటర్ రిజెక్ట్ వాల్వ్ బిగిస్తాడు. ధార మళ్లీ పెరుగుతుంది, అందరికీ సంతోషం. కానీ రిజెక్ట్ తగ్గేసరికి లవణాలు లోపల ఇంకా చిక్కబడి, ఇంకా వేగంగా పేరుకుంటాయి. కొన్ని వారాల్లో నాలుగు మెంబ్రేన్లూ రాయిలా బిగుసుకుపోతాయి. అందుకని మంచినీటికి ఒకటి, రిజెక్ట్‌కి ఒకటి, రెండు రోటామీటర్లు (ధార కొలిచే మీటర్లు) తప్పనిసరిగా అడగండి. వాల్వ్ సెట్ చేశాక హ్యాండిల్ తీసేయించండి. ప్రెషర్, రెండు ధారలు, లోపలి టీడీఎస్ (కరిగిన లవణాలు), బయటి టీడీఎస్ రోజూ పుస్తకంలో రాయాలి. మంచినీటి ధార 10 శాతం తగ్గినప్పుడే సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే మెంబ్రేన్ దక్కుతుంది, 40 శాతం తగ్గాక కడిగినా లాభం లేదు.

రిజెక్ట్ నీరు ఎక్కడికి పోతుందో కొటేషన్‌లో ఉండదు. బోరులో ఫ్లోరైడ్ 3 ఉంటే రిజెక్ట్‌లో దాదాపు 6 ఉంటుంది, రోజుకు 6,000 లీటర్లు. దాన్ని బోరు పక్కన గుంతలోకి వదిలితే మళ్లీ అదే బోరులోకి దిగుతుంది. పశువుల తొట్టికి కలపకూడదు, కూరగాయల పాదులకూ పెట్టకూడదు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో మరుగుదొడ్లకు ఒక ట్యాంకు కట్టి పైపు వేయండి. మిగిలింది బోర్లకు, చెరువుకు దూరంగా పోవాలి. దీనికి విడిగా అంచనా వేసుకోండి, మీ మిగిలిన 5 లక్షల్లో ఇదొక భాగం అవుతుంది.

ఇంకో మాట. క్యాను నీళ్లు తాగడానికి పెట్టుకుని అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతూనే ఉంటుంది; నీళ్లు ఇగిరేకొద్దీ అది గిన్నెలోనే చిక్కబడుతుంది. వంటకూ ఇవే నీళ్లు అని ఇంటింటికీ చెప్పించాలి. ఇంటికి 20 లీటర్లు అన్న లెక్క వంటతో కలిపే.

పల్లెపద్దు

పైన ఇద్దరూ చెప్పినవాటికి తోడు, ప్లాంటు ఎవరిదన్న ప్రశ్న ఒకటి ఉంది. సీఎస్ఆర్ నియమాలకు 2021 జనవరిలో వచ్చిన సవరణ తర్వాత సీఎస్ఆర్‌తో తయారైన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థకు ఇవ్వచ్చు, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాలకు ఇవ్వచ్చు, లేదా సీఎస్ఆర్ నంబరు ఉన్న రిజిస్టర్డ్ ట్రస్టుకో సొసైటీకో ఇవ్వచ్చు.

స్థలం, షెడ్డు, బోరు పంచాయతీ పేరున ఉంచి, నడిపే పని మహిళల గ్రామైక్య సంఘానికి ఒప్పందం మీద ఇవ్వడం బాగుంటుంది. నడిపే బాధ్యత ఒక్క మనిషికి ఇస్తే రెండేళ్లకు అది అతని సొంత వ్యాపారం అవుతుంది. ముందుగా గ్రామసభ తీర్మానం తీసుకోండి. అందులో స్థలం సర్వే నంబరు, క్యాను ధర, ధర పెంచే అధికారం ఎవరిది, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ప్లాంటుకు విడిగా బ్యాంకు ఖాతా, ఆ ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి. మీటరు పంచాయతీ పేరునే తీసుకోండి, కానీ వీధి దీపాల బకాయిల లెక్కలో కలవకుండా ప్లాంటుకు విడి సర్వీసు ఉండాలి. ఇది వదిలేస్తే పంచాయతీ పాత బకాయికి మీ ప్లాంటు ఫ్యూజు పీకుతారు.

క్యాన్ల డబ్బు ఒక్క రూపాయి కూడా కంపెనీ ఖాతాలోకి రాకూడదు. సీఎస్ఆర్ పని మీద మిగులు వస్తే అది వ్యాపార లాభం కాదు, అదే పనికి తిరిగి పెట్టాలని నియమం. ప్లాంటు ఖాతాలోనే ఉంచి మెంబ్రేన్ల నిధి చేయండి.

షెడ్డు నిండా మీ గ్రానైట్ బ్రాండు ప్రకటన రాయించకండి. సరుకు అమ్ముకోవడానికి పనికొచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదు. గోడ మీద ఆ స్థలంలో నెలవారీ నీటి పరీక్ష ఫలితం, క్యాను ధర, జమాఖర్చు రాయించండి.

దుమ్ము_ధూళి

మొక్కలు, కార్మికుల శిబిరం సీఎస్ఆర్‌లోకి రావని తేలాక వాటిని మానేస్తారేమోనని రాస్తున్నాను. మానకండి. అవి సీఎస్ఆర్ కంటే ముందు చేయాల్సినవి.

గ్రానైట్‌లో సిలికా ఉంటుంది. క్వారీలో జాక్‌హామర్‌తో పొడి డ్రిల్లింగ్ చేసేచోట లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో దిగితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. రాకుండా ఆపడమే మార్గం: డ్రిల్లు రంధ్రం దగ్గర నీళ్లు, లేకపోతే ధూళి పీల్చే యంత్రం. గుడ్డ కట్టుకోవడం, సర్జికల్ మాస్కు ఈ ధూళిని ఆపలేవు. ఎన్95 స్థాయి రెస్పిరేటర్ కావాలి. ఏడాదికోసారి ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్య పరీక్ష) చేయించి ఆ రిపోర్టు కార్మికుడి చేతికి ఇవ్వాలి. కాంట్రాక్టర్ కింద పనిచేసే వలస కార్మికులు మీ రిజిస్టర్‌లో ఉండకపోవచ్చు, ధూళి మాత్రం వాళ్లే ఎక్కువ పీలుస్తారు. శిబిరం జాబితాలో మొదట వాళ్లనే రాయండి. ఇవన్నీ వ్యాపార ఖర్చుగానే చూపొచ్చు, పన్నులోనూ పనికొస్తాయి.

రెండోది స్లర్రీ. కటింగ్, పాలిషింగ్ నుంచి వచ్చే బూడిదరంగు బురద రాత్రిపూట ట్యాంకర్‌లో వెళ్లి రోడ్డు పక్కనో వాగులోనో పడుతుంటే, ఎక్కడో దూరంగా నీళ్ల ప్లాంటు పెట్టి చుట్టుపక్కల ఊళ్లకు బాధ్యత తీరిందనుకోవడం న్యాయం కాదు. ఆ బురద ఎండితే పొడై గాలికి లేచి పైర్ల ఆకుల మీద పడుతుంది. చెరువులో దిగితే అడుగున పొరలా పరుచుకుని నీరు భూమిలోకి ఇంకనివ్వదు. సెటిలింగ్ ట్యాంకులు మూడు వరుసగా ఉంచి, అడుగు బురదను ఫిల్టర్ ప్రెస్‌తో పిండితే నీరు తిరిగి కటింగ్‌కే పనికొస్తుంది, మిగిలిన కేక్‌ను లారీలో ఎత్తొచ్చు. ఎన్ని టన్నులు బయటికి వెళ్లాయి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతించిన స్థలంలో ఎన్ని టన్నులు దించారు, ఈ రెండు అంకెలూ నెలనెలా సరిపోవాలి.

మీది లిస్టెడ్ కంపెనీ కాదు కాబట్టి సెబీ అడిగే బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక మీకు వర్తించదు, అది మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు. అయినా ఈ లెక్కలు ఇప్పటి నుంచే ఉంటే, రేపు ఎగుమతి కొనుగోలుదారు అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఒంగోలు_అకౌంట్స్

చాలా థాంక్సండి. ట్రస్టు వాళ్లకు వద్దని చెప్పేస్తున్నాం. గ్రామసభ, నీటి పరీక్ష, బోరు పరీక్ష అన్నీ అయ్యేసరికి మార్చి 31 దాటుతుంది. అప్పుడు ఏం చేయాలి? మే నెలలో బోరు చూశాకే ప్లాంటు సైజు ఖరారు చేద్దామంటే డైరెక్టర్లు పెనాల్టీ పడుతుందని భయపడుతున్నారు.

సెక్రటేరియల్_డెస్క్

భయపడాల్సిన పని లేదు, తేదీలు పాటిస్తే చాలు. మార్చి 31లోపు బోర్డు ఈ పనిని ‘కొనసాగుతున్న ప్రాజెక్టు’గా గుర్తిస్తూ కారణాలతో తీర్మానం చేయాలి. పని నిజంగా మొదలై ఉండాలి కూడా: నీటి పరీక్షలకు, బోరు పరీక్షకు, షెడ్డుకు వర్క్ ఆర్డర్ ఇచ్చేయండి. మార్చి 31 నాటికి ఖర్చు కాని మొత్తాన్ని 2025 ఏప్రిల్ 30లోపు షెడ్యూల్డ్ బ్యాంకులో ‘అన్‌స్పెంట్ సీఎస్ఆర్ అకౌంట్’ విడిగా తెరిచి అందులో వేయాలి. అక్కడి నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ ప్రాజెక్టుకే ఖర్చు చేయాలి. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు అన్నమాట, కాబట్టి మొదటి నిర్వహణ ఖర్చులు కూడా ఇందులోనే పెట్టుకోవచ్చు. ప్రాజెక్టు ముగిశాక నిర్వహణకు కొత్త ప్రాజెక్టు రూపొందించుకునే స్వేచ్ఛ కూడా బోర్డుకు ఉంది.

ఏ ప్రాజెక్టుకూ కేటాయించని డబ్బు మిగిలితే దాని దారి వేరు. దాన్ని 2025 సెప్టెంబరు 30లోపు ఏడో షెడ్యూలులోని ఏదో ఒక నిధికి, ఉదాహరణకు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి, పంపేయాలి. రెండూ చేయకపోతేనే పెనాల్టీ: 14 లక్షలు ఎటూ బదిలీ చేయకపోతే కంపెనీకి దానికి రెట్టింపు 28 లక్షలు (గరిష్ఠం కోటి), బాధ్యుడైన ఒక్కో అధికారికి పదో వంతు 1.4 లక్షలు (గరిష్ఠం 2 లక్షలు).

ఆఫీసు నిర్వహణ ఖర్చుల పేరుతో ఆ ఏడాది సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదు. మొత్తం 14 లక్షలూ ఖర్చయితే అది 70 వేలు. నీటి పరీక్ష, గ్రామసభ ఏర్పాట్లు ప్రాజెక్టు ఖర్చే, వాటిని ఈ 70 వేలలో వేయకండి.

నీటిపని

అలాగైతే వెండర్‌కు డబ్బు విడతలుగా కట్టండి. ఆర్డరుతో 30 శాతం, సామాను ఊళ్లో దిగాక 40 శాతం, నడిపి చూపించాక 10 శాతం. మిగతా 20 శాతం ప్లాంటు 90 రోజులు నడిచి, ఆపరేటర్ పుస్తకంలో రోజువారీ రీడింగులు ఉండి, మూడు నెలల మూడు నీటి పరీక్షల్లోనూ ఫ్లోరైడ్ 1 లోపు వచ్చాకే. టీడీఎస్‌ని మరీ 20, 30కి దింపామని వెండర్ గొప్పగా చెబితే ఒప్పుకోకండి. 100, 150 మధ్య ఉండేలా కొంచెం ముడి నీరు కలిపే వాల్వ్ పెట్టించుకోండి. కలిపాక కూడా ఫ్లోరైడ్ 1 దాటకూడదు. దాటితే కలపడం మానేసి తక్కువ టీడీఎస్ నీళ్లే ఇవ్వండి.

ఆపి ఉంచిన ఆ 20 శాతం ఆ అన్‌స్పెంట్ ఖాతాలోనే ఉంటుంది కాబట్టి మీ పద్దులకూ ఇబ్బంది ఉండదు.